ఎవరి గుండెల మీద నేర్చిన గీత?

ఎకో పరీక్ష చేయించుకున్నవారికి ఆ గది గుర్తుంటుంది. దీపాలు తగ్గించి, ఎడమ పక్కకు తిరిగి పడుకోమంటారు. చల్లటి జెల్ పూసిన ప్రోబును పక్కటెముకల సందులో నొక్కి పట్టుకుంటారు. బూడిదరంగు తెర మీద మన గుండె తెరుచుకుంటూ, ముడుచుకుంటూ కనిపిస్తుంది. ఆ కదలికను ఒకచోట ఆపి సోనోగ్రాఫర్ ఎడమ జఠరిక లోపలి గోడ వెంబడి ఒక గీత గీస్తారు. గది పూర్తిగా నిండిన క్షణంలో ఒక గీత, పూర్తిగా ముడుచుకున్న క్షణంలో మరొక గీత. ఈ రెండింటి మధ్య తేడా నుంచే రిపోర్టులో ఇజెక్షన్ ఫ్రాక్షన్ అనే అంకె పుడుతుంది. జఠరికలో నిండిన రక్తంలో ఎంత శాతం ఒక్కో స్పందనతో బయటికి వెళుతోందో చెప్పే అంకె అది. మందు మొదలుపెట్టాలా వద్దా, ఛాతీలో డీఫిబ్రిలేటర్ అమర్చాలా వద్దా, కీమోథెరపీ కొనసాగించవచ్చా అన్న నిర్ణయాలు ఎన్నో ఆ అంకె మీద ఆధారపడతాయి.

ఈ పదేళ్లలో ఆ గీత గీసే పని మెల్లమెల్లగా కంప్యూటరు చేతికి వెళుతోంది. దానికి ఇంగ్లీషులో సెగ్మెంటేషన్ అని పేరు. తెలుగులో విభజన అనవచ్చు కానీ, నిజానికి ఇది పొలానికి గట్టు వేయడం వంటి పని. ఇక్కడిదాకా రక్తం, ఇక్కడి నుంచి కండరం అని హద్దు తేల్చడం. ఈ గట్టు ఎంత బాగా వేస్తోందన్న ప్రశ్నకు పరిశోధనా పత్రాలు చాలా శ్రద్ధగా జవాబు చెప్పాయి. ఎవరి గుండెల మీద బాగా వేస్తోందన్న ప్రశ్నకు మాత్రం, ముఖ్యంగా ఫ్రిస్కో వంటి ఊళ్లలో స్థిరపడిన మనవంటివారి విషయంలో, సరైన జవాబు లేదు. జవాబు వెతుక్కోవడానికి కావలసిన పట్టికే తయారు కాలేదన్నది నా ఫిర్యాదు.

ముందు ఈ పని ఎందుకు కష్టమో కొంచెం చెప్పుకోవాలి. కదలని అవయవానికి హద్దు గీయడం ఒక ఎత్తు. నిమిషానికి డెబ్భైసార్లు ఆకారం మార్చుకునే అవయవానికి గీయడం మరొక ఎత్తు. జఠరిక లోపలి గోడ నున్నగా ఉండదు. లోపల చిన్న చిన్న కండరపు పోగులు ఉంటాయి. గుండె ముడుచుకున్నప్పుడు అవన్నీ ఒకదానిమీదికి ఒకటి వచ్చి అంచును మసకబారుస్తాయి. అల్ట్రాసౌండులో అయితే పక్కటెముకల నీడ, ఊపిరితిత్తుల్లోని గాలి కలిసి గోడలో కొంత భాగాన్ని మాయం చేస్తాయి. అనుభవం ఉన్న ఇద్దరు నిపుణులు ఒకే బొమ్మ మీద గీసిన గీతలు కూడా సరిగ్గా ఒకదానిమీద ఒకటి పడవు.

1987లో మైకేల్ కాస్, ఆండ్రూ విట్కిన్, డిమెట్రి టెర్జోపౌలోస్ ప్రతిపాదించిన పాముల పద్ధతిలో గీత ఒక సాగే తీగలాంటిది. బొమ్మలో అంచులున్న వైపుకు పాకుతుంది, అతిగా వంకరలు పోకుండా తనను తాను పట్టుకుంటుంది. 1995లో టెర్జోపౌలోస్, టిమ్ మెకినర్నీ కలిసి ఇదే ఆలోచనను సాగే ఉపరితలంగా మార్చి, స్పందిస్తున్న గుండె త్రిమితీయ సీటీ చిత్రాల మీద నడిపించారు. ఆ గుండె ఒక కుక్కది. ఈ పద్ధతుల్లో ఒక సుగుణం ఉండేది: గీత ఎందుకు అక్కడ ఆగిందో సమీకరణంలో చూపించవచ్చు. 2015లో యూ-నెట్ వచ్చాక ఆ యుగం ముగిసింది. ఇప్పుడు గీతకు నియమాలు చెప్పరు, ఉదాహరణలు చూపిస్తారు. మనిషి గీసిన వేల గీతలను చూసి యంత్రం తానే నేర్చుకుంటుంది. 2017లో ఫ్రాన్సులోని డిజోన్ ఆసుపత్రికి చెందిన 150 మంది ఎమ్మారై చిత్రాలతో జరిగిన ఏసీడీసీ పోటీ ఈ మార్పుకు మైలురాయి. ఆ పోటీలో మద్రాసు ఐఐటీ నుంచి వెళ్లిన బృందం, గీతల నుంచి రోగనిర్ధారణ చేసే విభాగంలో ముందు నిలిచింది. అదే ఏడాది మొదట్లో, లోతైన అభ్యాసంతో గుండె ఎమ్మారైని కొలిచే ఆర్టెరిస్ సాఫ్ట్‌వేరుకు అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది. ఉదాహరణల నుంచి నేర్చుకునే యంత్రం విషయంలో మొదట అడగవలసింది, ఆ ఉదాహరణలు ఎవరివి అని.

ఈ రంగంలో ఎక్కువమంది ఆధారపడే పత్రాల్లో ఒకటి స్టాన్‌ఫర్డ్ నుంచి 2020లో నేచర్ పత్రికలో వచ్చింది. డేవిడ్ ఓయాంగ్, జేమ్స్ జౌ, వారి సహచరులు రాసిన ఆ పత్రంలోని వ్యవస్థ పేరు ఎకోనెట్-డైనమిక్. మెచ్చుకోవలసినవి అందులో చాలానే ఉన్నాయి. మనుషులు ప్రతి వీడియోలో రెండు ఫ్రేముల మీదే గీతలు గీశారు. యంత్రం వాటి నుంచి మొత్తం స్పందన పొడవునా ప్రతి ఫ్రేములోనూ గీత గీయడం నేర్చుకుంది. అందువల్ల ఒక్క స్పందనను ఎంచుకుని కొలిచే అలవాటు పోయి, స్పందన తర్వాత స్పందన కొలిచి సగటు తీసే వీలు కలిగింది. గుండె లయ తప్పినవారిలో ఇది చిన్న విషయం కాదు. ఇజెక్షన్ ఫ్రాక్షన్ అంచనాలో సగటు తేడా 4.1 శాతం పాయింట్లు. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ ఆసుపత్రి వీడియోల మీద పరీక్షిస్తే అది 6కు పెరిగింది. ఊరు మారితే తప్పు పెరుగుతుందని ఆ పత్రమే నిజాయితీగా చూపించింది.

అన్నింటికంటే మెచ్చుకోవలసింది, 10,030 వీడియోలను, వాటి మీది మానవ గీతలను అందరికీ తెరిచి ఇవ్వడం. 2023లో అదే బృందం మరో అడుగు వేసి, సోనోగ్రాఫర్ వేసిన అంచనాకూ యంత్రం వేసిన అంచనాకూ మధ్య అంధ యాదృచ్ఛిక పరీక్ష జరిపింది. ఏది ఎవరిదో తెలియని కార్డియాలజిస్టులు 3,495 పరీక్షలను సమీక్షించి, యంత్రం అంకెల్లో 16.8 శాతాన్ని, సోనోగ్రాఫర్ అంకెల్లో 27.2 శాతాన్ని గణనీయంగా దిద్దారు. యంత్రాన్ని అనుమానించడమే విమర్శ అనుకునేవారు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు. ఈ రంగంలో కొత్త పరికరాల గురించి ఇంత గట్టి పరీక్ష తరచుగా కనిపించదు.

అయినా, తెరిచి ఇచ్చిన ఆ దత్తాంశంలో వీడియోల జాబితా ఫైలును ఒకసారి చూడండి. ప్రతి వీడియోకూ ఫైలు పేరు ఉంది, ఇజెక్షన్ ఫ్రాక్షన్ ఉంది, నిండినప్పటి ఘనపరిమాణం, ముడుచుకున్నప్పటి ఘనపరిమాణం ఉన్నాయి. ఫ్రేము ఎత్తు, వెడల్పు, సెకనుకు ఎన్ని ఫ్రేములు, మొత్తం ఎన్ని, శిక్షణకు వాడారా పరీక్షకు వాడారా అన్న నిలువు వరుసలు ఉన్నాయి. వయసు లేదు. స్త్రీయా పురుషుడా అన్నది లేదు. ఎత్తు, బరువు లేవు. ఏ జాతి, ఏ దేశ మూలం అన్నది లేదు. గోప్యతను కాపాడడానికి ఇవన్నీ తీసేయడం సమంజసమే. కానీ దాని పర్యవసానం ఒకటుంది: ఈ దత్తాంశం మీద ప్రపంచమంతటా తయారయ్యే మోడళ్లలో ఒక్కటి కూడా, తాను ఎవరి గుండె మీద తడబడుతోందో ఈ దత్తాంశంతో తెలుసుకోలేదు. స్టాన్‌ఫర్డ్ ఉన్నది తెలుగువాళ్లు దండిగా ఉన్న బే ఏరియాలో. ఆ పదివేల వీడియోల్లో మన గుండెలు కొన్ని ఉండే ఉంటాయి. ఉన్నా అవి మనవిగా లేవు.

ఇది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే కొలబద్ద దగ్గరికి వెళ్లాలి. యంత్రం గీసిన గీతకూ మనిషి గీసిన గీతకూ ఎంత పొత్తు కుదిరిందో డైస్ గుణకం అనే అంకె చెబుతుంది. 1 అయితే పూర్తి పొత్తు, 0 అయితే అసలు లేదు. ఈ గుణకం చిన్న వస్తువుల పట్ల కఠినంగా ఉంటుంది. ఉదాహరణకు 20 పిక్సెళ్ల వ్యాసార్ధం ఉన్న వృత్తాన్ని యంత్రం చుట్టూ ఒక్క పిక్సెలు లోపలికి గీసిందనుకుందాం. డైస్ విలువ సుమారు 0.95 వస్తుంది. అదే ఒక్క పిక్సెలు తప్పు 10 పిక్సెళ్ల వృత్తం మీద జరిగితే 0.90కి కొంచెం దిగువకు పడిపోతుంది. చెయ్యి వణికినంత అదే, శిక్ష వేరు. ఎకోనెట్ పత్రంలోనే దీని నీడ కనిపిస్తుంది: నిండిన గుండె మీద డైస్ 0.927, అదే గుండె ముడుచుకున్నప్పుడు 0.903. పరిమాణం ఒక్కటే దీనికి కారణం కాకపోవచ్చు, మసక అంచులు కూడా కారణమే. ఏదైనా, కష్టం చిన్న గది వైపే ఉంది.

మరి మన గదులు చిన్నవా? చిన్నవే అని చెప్పే పరిశోధనలు ఒకటి కంటే ఎక్కువే ఉన్నాయి. పశ్చిమ లండన్‌లో జరిగిన లోలిపాప్ అధ్యయనంలో భారతీయ మూలాలవారి ఎడమ జఠరిక ఘనపరిమాణాలు, శరీర వైశాల్యంతో సరిచూసిన తర్వాత కూడా, యూరోపియన్లకంటే తక్కువగా తేలాయి. 2019లో పదిహేను దేశాల ఆరోగ్యవంతుల గుండెలను కొలిచిన వేజ్ అధ్యయనం కూడా దేశాల మధ్య ఇటువంటి తేడాలనే చూపింది. ఇక ఒక చిన్న లెక్క చేద్దాం. 120 మిల్లీలీటర్లు నిండి 50కి ముడుచుకునే జఠరికకు ఇజెక్షన్ ఫ్రాక్షన్ 58.3 శాతం. ముడుచుకున్న గీత కొంచెం బయటికి పడి 55 అని కొలిస్తే 54.2 అవుతుంది. 80 నిండి 33కు ముడుచుకునే చిన్న జఠరికకు అసలు విలువ 58.75. అంతే మందంలో గీత తప్పితే, గది చిన్నది కాబట్టి తప్పిన ఘనపరిమాణం కూడా తగ్గి సుమారు 4 మిల్లీలీటర్లు అవుతుంది, విలువ 53.75కు దిగుతుంది. ఒకచోట నాలుగు పాయింట్లు, ఇంకోచోట అయిదు. తేడా కొండంత కాదు. కానీ 50 దగ్గర ఒక గీత, 40 దగ్గర ఒక గీత పెట్టుకుని వైద్యం చేసే చోట ఒక పాయింటు కూడా కొందరిని గట్టుకు అటువైపు నెడుతుంది.

ఇక్కడిదాకా వచ్చి, విషయం తేలిపోయిందని నేనూ అనుకున్నాను. చిన్న గుండె, పెద్ద గుండెల మీద నేర్చిన గీత, కాబట్టి తప్పు. ఈ కథ ఎంత చక్కగా కుదిరిందంటే, కుదిరినందుకే దాన్ని శంకించవలసింది. శంకించేలా చేసినవి లండన్ కింగ్స్ కాలేజీ నుంచి వరుసగా వచ్చిన మూడు పత్రాలు.

మొదటిది 2021లో ఎస్తర్ పుయోల్-అంతోన్, సహచరులది. బ్రిటన్‌లో అయిదు లక్షలమంది ఆరోగ్య వివరాలను సేకరించిన యూకే బయోబ్యాంకు నుంచి 5,903 మంది ఎమ్మారైలను తీసుకుని, సెగ్మెంటేషన్ తప్పులను జాతులవారీగా విడదీసి చూశారు. ఆడ, మగ సమానంగా ఉన్న ఆ దత్తాంశంలో లింగభేదం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జాతులవారీగా చూస్తే వచ్చింది. శ్వేతజాతీయులు అత్యధికంగా ఉన్న ఆ దత్తాంశంలో అల్పసంఖ్యాకుల గుండెల మీద గీత ఎక్కువ తప్పింది. అంతకుముందు 2018లో అదే బయోబ్యాంకు చిత్రాల మీద, 4,875 మందివి 93,500 బొమ్మలకు మనుషులు గీసిన గీతలతో శిక్షణ ఇచ్చి, వెంజియా బాయ్ బృందం యంత్రం మనిషికి సమానంగా గీస్తోందని చెప్పింది. ఆ మాట అబద్ధం కాదు. సగటు అంకె ఎప్పుడూ అబద్ధం చెప్పదు, ఎవరి సగటో చెప్పదంతే. 2022లో వచ్చిన రెండో పత్రంలో వయసు, శరీర పరిమాణం వంటివన్నీ లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా జాతి ప్రభావం మిగిలే ఉందని తేల్చారు. అంటే నా చిన్న గుండె సిద్ధాంతం ఒక్కటీ సరిపోలేదు.

మూడోది టియార్నా లీ, సహచరులది. నాకు ఎక్కువ నచ్చినది ఇదే. శ్వేతజాతీయుల, నల్లజాతీయుల చిత్రాలతో చేసిన ఈ అధ్యయనంలో, తప్పు ఎక్కడ పుడుతోందో వెతికారు. మనుషులు గీసిన గీతల్లో పక్షపాతం ఉందా అని చూస్తే, పెద్దగా లేదు. ఎమ్మారై బొమ్మను మాత్రమే చూసి ఆ మనిషి ఏ జాతికి చెందుతాడో యంత్రం చాలావరకు సరిగ్గా చెప్పగలుగుతోంది. అలా చెప్పడానికి అది చూస్తున్నది గుండెను కాదు, గుండె బయట, చర్మం కింది కొవ్వు వంటి చోట్లను. బొమ్మను గుండె చుట్టూ దగ్గరగా కత్తిరించి ఇస్తే పక్షపాతం తగ్గింది. హద్దు గీయవలసినవాడు పొలం చూడకుండా పక్క తోటను చూసి గట్టు వేసినట్టు!

ఈ ఫలితం మనకు నేరుగా వర్తిస్తుందని చెప్పలేను, అందులో దక్షిణాసియా వాళ్లు లేరు. కానీ గుండె చుట్టూ ఉన్న శరీరం విషయంలో మనం వేరన్నది పాత సంగతే. 2004లో లాన్సెట్‌లో పుణే వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యడ్కిన్ తమ ఇద్దరి ఫొటో వేసుకుని ఒక పేజీ రాశారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. కొవ్వు మాత్రం యడ్కిన్ శరీరంలో 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం. ఎత్తు, బరువు వేసి సరిచూశామనే ప్రతి పత్రమూ ఆ పేజీకి జవాబు చెప్పుకోవాలి. గీత గుండె బయటి కొవ్వును చూసి తడబడితే, బయటికి సన్నగా కనిపించే మనవాడి శరీరం మీద అది ఏం చేస్తుందో ఎవరైనా పరీక్షించి చూడాలి కదా!

ఫ్రిస్కో ప్రసక్తి ఇక్కడే వస్తుంది. డాలస్ నగరం నడిబొడ్డు నుంచి ఉత్తరంగా సుమారు 30 మైళ్లు వస్తే ఫ్రిస్కో. 2000 జనగణనలో ఈ ఊరి జనాభా 33,714. 2020కి రెండు లక్షలు దాటింది. ఆ పెరుగుదలలో తెలుగువాళ్ల వాటా ఎంతో కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ముందు శనివారం పార్కింగు కోసం తిరిగినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఆ 2000లోనే, ఇదే మహానగర ప్రాంతంలో, గుండె చిత్రాల చరిత్రలో చెప్పుకోదగ్గ అధ్యయనం ఒకటి మొదలైంది. యూటీ సౌత్‌వెస్టర్న్ వైద్య కళాశాల నడిపిన డాలస్ హార్ట్ స్టడీ అది. డాలస్ కౌంటీ నివాసుల నుంచి, వారిలో సగం మంది నల్లజాతీయులు ఉండేలా కావాలని ఎంపిక చేసి, దాదాపు మూడువేల మందిని ఎమ్మారైతో సహా అన్ని విధాలా కొలిచారు.

ఆ కావాలని చేసిన ఎంపిక ఫలితం చూడండి. 2005లో జొనాథన్ కోహెన్, హెలెన్ హాబ్స్ బృందం, ఆ అధ్యయనంలోని నల్లజాతీయుల్లో సుమారు 2 శాతం మందికి పీసీఎస్‌కే9 జన్యువు ప్రతుల్లో ఒకటి పనిచేయదని, వారి చెడు కొలెస్టరాలు 40 శాతం తక్కువ ఉందని కనుక్కుంది. పదేళ్లకు, 2015లో, ఆ జన్యువు తయారుచేసే ప్రొటీనును అడ్డుకునే ఇంజెక్షన్లకు అనుమతి వచ్చింది. ఈ రోజు ఫ్రిస్కోలో స్టాటిన్లు పడని తెలుగువాడు ఆ ఇంజెక్షను తీసుకుంటుంటే, అది డాలస్ నల్లజాతీయులు లెక్కలో ఉన్నందుకు అందిన ఫలం. ఒక సమూహాన్ని లెక్కలో చేర్చడం ఆ సమూహానికి చేసే ఉపకారం మాత్రమే అనుకునేవారికి ఇంతకంటే మంచి జవాబు లేదు.

ఫ్రిస్కో ఉన్నది కాలిన్, డెంటన్ కౌంటీల్లో. డాలస్ కౌంటీ గట్టుకు అవతల. ఆ అధ్యయనం జరిగినప్పుడు ఈ ఊళ్లో మనం ఇంతమందిమి లేము కూడా. దక్షిణాసియా వాళ్ల గుండెల కోసమే అమెరికాలో నడుస్తున్న మసాలా అధ్యయనం 2010లో 906 మందితో మొదలైంది. అది మొదలైన కేంద్రాలు బే ఏరియా, షికాగో, డాలస్ కాదు. 2018 నాటి కొలెస్టరాలు మార్గదర్శకాలు దక్షిణాసియా మూలాలను ముప్పు పెంచే అంశాల జాబితాలో చేర్చాయి. ముప్పు జాబితాలో పేరుంది, కొలిచే యంత్రానికి నేర్పిన జాబితాలో పేరుందో లేదో చూసుకునే దారి లేదు.

పేరున్న చోట కూడా అది ఏ పేరన్నది చిక్కే. యూకే బయోబ్యాంకులో ఆసియన్ అంటే ముఖ్యంగా భారత, పాకిస్తాన్, బంగ్లాదేశ్ మూలాలవారు. చైనీయులకు వేరే గడి ఉంది. అమెరికా ఆసుపత్రి ఫారాల్లో ఆసియన్ అంటే నెల్లూరు నుంచి నాగసాకి దాకా అందరూ. లండన్‌లో ఆసియన్ల మీద తేలిన తప్పును టెక్సస్‌లో ఆసియన్ల మీద సరిచూస్తే, రెండు వేర్వేరు జనాలను పోల్చినట్టే. ఒకే మాట అట్లాంటిక్ దాటేసరికి అర్థం మార్చుకోవడాన్ని ఈ రంగం పత్రాల్లో ఎక్కువమంది పట్టించుకోరు.

దీనికి ఎదురువాదన ఒకటుంది, అది బలహీనమైనది కాదు. జాతి అనేది జీవశాస్త్ర కొలత కాదు, దాన్ని యంత్రంలోకి ఎక్కిస్తే పాత మూఢత్వాలకు కొత్త ముద్ర వేసినట్టవుతుంది అంటారు. మూత్రపిండాల పనితీరు సూత్రంలో నల్లజాతీయులకు వేరే గుణకం వాడడం అమెరికాలో 2021లో ఎందుకు మానేశారో తెలిసినవారు ఈ మాటను తేలిగ్గా తీసుకోరు. కింగ్స్ కాలేజీ వాళ్లు తమ మొదటి పత్రంలో ప్రయత్నించిన మందుల్లో ఒకటి జాతికొక మోడల్. తెర మీద గీత గీయడానికి ముందు రోగిని నువ్వెవరివని అడగవలసి వస్తే, నాకూ అభ్యంతరమే. అయితే, యంత్రానికి జాతి చెప్పడం వేరు, యంత్రాన్ని పరీక్షించేటప్పుడు జాతులవారీగా తప్పులు లెక్కపెట్టడం వేరు. నేను కోరుతున్నది రెండోది. బొమ్మను గుండె చుట్టూ కత్తిరించడం వంటి జాతితో పని లేని మందు కూడా, జాతులవారీగా తప్పులు లెక్కపెట్టినందువల్లనే దొరికింది.

ఈ లెక్కకు కావలసిన సామాను మన ఊళ్లోనే సగం ఉంది. మన ఆలయాల్లో, సంఘాల్లో నడిచే ఆరోగ్య శిబిరాల్లో బీపీ, షుగరు చూస్తారు, కొలెస్టరాలు చూస్తారు, కాగితం చేతికిచ్చి పంపేస్తారు. ఏళ్ల తరబడి ఇదే తంతు. ఆ వరుసలో నిలబడేవారిలో ఎకో తీయించుకున్నవారు తక్కువేం కాదు. సరైన సమ్మతిపత్రంతో, నైతిక సమీక్ష మండలి అనుమతితో, ఆ వీడియోలను ఒక విశ్వవిద్యాలయానికి అప్పగించే ఏర్పాటు ఉంటే కొన్ని వందల వీడియోలతో కూడా మొదటి జవాబు వస్తుంది. పరీక్షించడానికి, శిక్షణకు కావలసినన్ని అక్కర్లేదు. గీతలు గీయడానికి కార్డియాలజిస్టులు మనవాళ్లలో ఉన్నారు. లెక్కలు కట్టేవాళ్ల కొరత ఫ్రిస్కోలో లేదు.

ఈలోగా ఎకోనెట్ దత్తాంశం వాడుక ఒప్పందానికి సమ్మతించిన ఎవరికైనా దొరుకుతుంది. అందులో గీతల ఫైలు విప్పితే ప్రతి ఫ్రేముకూ జఠరిక పొడవున ఒక గీత, అడ్డంగా వరుసగా గీతలు, నాలుగేసి అంకెలుగా కనిపిస్తాయి. వాటి నుంచి గది పరిమాణం లెక్కకట్టి, చిన్న గదుల మీద మీకు అందుబాటులో ఉన్న మోడల్ ఎంత తప్పుతోందో, పెద్ద గదుల మీద ఎంత తప్పుతోందో ఒక శనివారం మధ్యాహ్నంలో తేల్చవచ్చు. జాతి పేరు లేకుండా ఆ దత్తాంశంతో అడగగలిగిన ప్రశ్నల్లో ఇది ఒకటి. అడగలేని ప్రశ్నకు కావలసిన వీడియోలు, కాలిన్, డెంటన్ కౌంటీల క్లినిక్కుల సర్వర్లలో, మన పేర్లతోనే ఉన్నాయి.